చెత్తదిబ్బల్లో నూటపాతికేళ్ల చదువు: ఈజిప్టు ఎక్స్‌ప్లోరేషన్ సొసైటీ గురించి నా సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈజిప్టు పురావస్తు శాస్త్రమే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. లండన్‌లో ఉన్న ఈజిప్టు ఎక్స్‌ప్లోరేషన్ సొసైటీ గురించి రోజూ చెబుతోంది. ఆ సంఘం అసలు చేసే పనేమిటి? సమాధులు తవ్వి బంగారం పట్టుకుపోయినవాళ్లే కదా? అందులో మన పిల్లలకు దొరికే చదువేముంది?"

నేను ఇరవై ఎనిమిదేళ్లు పురావస్తు శాఖలో నమోదు విభాగంలో పనిచేశాను. తవ్వకంలో దొరికిన కుండపెంకులు కడిగి, ఆరబెట్టి, ప్రతి పెంకు మీద ఊరి పేరు, గుంట సంఖ్య, పొర సంఖ్య సిరాతో రాసి, బొమ్మ గీసి రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. మీరు అడిగిన సంఘంలో కొన్నేళ్లుగా సభ్యుణ్ని కూడా. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు బంగారం సంగతి తేల్చేద్దాం. 1922లో టూటన్‌ఖామున్ రాజు సమాధిని కనుక్కున్న హోవర్డ్ కార్టర్ ఆ పని చేసింది లార్డ్ కార్నార్వన్ సొంత డబ్బుతో. ఈ సంఘానికి దానితో సంబంధం లేదు. అయితే కార్టర్ ఈజిప్టులో అడుగుపెట్టింది మాత్రం ఈ సంఘం పని మీదే. 1891లో, పదిహేడేళ్ల వయసులో, బెనీ హసన్ సమాధుల గోడల మీద ఉన్న చిత్రాలను కాగితం మీదికి ఎక్కించే కుర్రవాడుగా చేరాడు. ఆ తర్వాత దేర్ ఎల్ బహరీలో హత్షెప్సుత్ రాణి ఆలయం గోడలను ఏళ్ల తరబడి కూర్చుని గీశాడు. బంగారు ముసుగు చూసిన ఆ కళ్లకు ముందు తర్ఫీదు దొరికింది గోడబొమ్మల నకళ్ల దగ్గర. మీ అమ్మాయికి ఈ ఒక్క సంగతి చెప్పండి, చాలు. ఈ సంఘం అసలు పని ఏమిటో సగం అర్థమవుతుంది.

సంఘం పుట్టుక ఒక నవలా రచయిత్రితో మొదలైంది. అమీలియా ఎడ్వర్డ్స్ 1873–74లో నైలు నది మీద పడవ ప్రయాణం చేసింది. అబూ సింబెల్ దగ్గర కొన్ని వారాలు లంగరు వేసినప్పుడు ఒక విషయం ఆమెను బాధపెట్టింది. అంతకుముందు ఎవరో రామ్సెస్ భారీ విగ్రహం ముఖానికి సున్నపు ముద్ద పూసి అచ్చు తీసుకుపోయారు. ఆ తెల్లటి మచ్చలు రాతి ముఖం మీద అలాగే ఉండిపోయాయి. ఆమె బృందం పడవలోని నావికులను నిచ్చెనలు, గుంజలు కట్టి పైకి ఎక్కించి, అంటుకున్న సున్నం గీకించి, మిగిలిన మచ్చల మీద చిక్కటి కాఫీ డికాక్షన్ పూయించింది, రాయి రంగులో కలిసిపోవాలని. వంటవాడు బిందెల కొద్దీ కాఫీ కాచాడట. ఇవాళ ఏ సంరక్షకుడూ ఆ పని చేయడు, చేయనివ్వడు. కానీ ఆ కాఫీలో ఉన్న ఆవేదన నిజమైనది. దారి పొడవునా ఆమె చూసింది అదే: గోడలు పగలగొట్టి బొమ్మలు అమ్ముకునేవాళ్లు, మమ్మీలను కొని ఇంటికి తీసుకుపోయే యాత్రికులు, పాటిమట్టి కోసం ఊళ్లకు ఊళ్లనే తవ్వేస్తున్న రైతులు.

పాటిమట్టి అంటే మన పల్లెటూళ్ల పెద్దలకు చెప్పనవసరం లేదు. పాత ఊరు శిథిలమై మిగిలిన దిబ్బలోని బూడిదరంగు మట్టి పొలానికి మంచి ఎరువు. మన దగ్గర పాటిదిబ్బలు ఎన్ని బళ్లకెక్కి చేలల్లో కలిసిపోయాయో నేను కళ్లారా చూశాను. ఈజిప్టులో దాన్ని సెబాఖ్ అంటారు. అక్కడి పురాతన పట్టణాలన్నీ పచ్చి ఇటుకలతో కట్టినవి కాబట్టి ఆ మట్టి నేలకు ప్రాణం. 1887లో అమర్నా దగ్గర బయటపడిన ప్రసిద్ధమైన మట్టిపలకల లేఖలు కూడా అలా ఎరువు కోసం తవ్వుతున్న స్థానికులకే దొరికాయి.

ఎడ్వర్డ్స్ ఇంటికి వెళ్లాక కథలు రాయడం తగ్గించి ఈ పని మీదే నిలబడింది. బ్రిటిష్ మ్యూజియంలో నాణేల విభాగం చూసే రెజినాల్డ్ స్టువర్ట్ పూల్‌ను, లండన్‌కు ఈజిప్టు స్తంభాన్ని సొంత ఖర్చుతో తెప్పించిన వైద్యుడు ఎరాస్మస్ విల్సన్‌ను కూడగట్టి 1882 మార్చిలో ఈజిప్టు ఎక్స్‌ప్లోరేషన్ ఫండ్ పెట్టింది. 1919లో అది సొసైటీగా పేరు మార్చుకుంది. నడిచింది పూర్తిగా చందాలతో. ఆమె 1889–90లో అమెరికా అంతటా ఉపన్యాసాలిస్తూ తిరిగింది. మధ్యలో చెయ్యి విరిగింది, అయినా ప్రయాణం ఆపలేదు. 1892లో చనిపోయే ముందు లండన్ యూనివర్సిటీ కాలేజీకి ఈజిప్టు పురావస్తు శాస్త్రంలో ఒక ఆచార్య పీఠం ఏర్పాటయ్యేలా వీలునామా రాసిపెట్టింది.

ఇక మీ ప్రశ్నలో ఉన్న ముల్లు దగ్గరికి వస్తాను. 1882 మార్చిలో సంఘం పుట్టింది. అదే ఏడు జూలైలో బ్రిటిష్ నౌకాదళం అలెగ్జాండ్రియా మీద గుండ్లు కురిపించి, దేశాన్ని చేతుల్లోకి తీసుకుంది. పురావస్తు శాఖ మాత్రం ఫ్రెంచివారైన మాస్పెరో చేతిలో ఉండేది. తవ్వకంలో దొరికినవాటిలో ముఖ్యమైనవి కైరో మ్యూజియానికి, మిగిలినవాటిలో వాటా తవ్వినవారికి అనేది అప్పటి ఒప్పందం. ఆ వాటా లండన్‌కు చేరి, అక్కడి నుంచి చందాలిచ్చిన ఊళ్ల మ్యూజియాలకు, పాఠశాలలకు, ప్రపంచం నలుమూలలకూ పంచబడింది. అంటే ఒకే సమాధిలో పక్కపక్కన ఉన్న వస్తువులు వేర్వేరు ఖండాలకు వెళ్లిపోయాయి. చట్టప్రకారం జరిగింది కదా అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. పరాయి పాలనలో రాసుకున్న చట్టం అది. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో నిలబడి ఉండగా మనం ఆ బాధ తెలియనట్టు మాట్లాడలేం. టూటన్‌ఖామున్ సమాధి బయటపడిన తర్వాత ఈజిప్టు ఈ పంపకాలను బిగిస్తూ వచ్చింది. 1983లో చేసిన 117వ నంబరు చట్టంతో పురావస్తువులను దేశం దాటించడం ఆగిపోయింది. ఇప్పుడు ఈ సంఘం తవ్వే ప్రతి పెంకూ ఈజిప్టులోనే ఉంటుంది.

అయినా వాళ్లను "పట్టుకుపోయినవాళ్లు" అనే ఒక్క మాటలో కట్టేయకండి అంటాను. కారణం చెబుతాను. తవ్వకం అంటే ఒక పుస్తకాన్ని చదువుతూ చదువుతూ పేజీలు చింపేయడం లాంటిది. ఒకసారి పొర తీశామా, అది మళ్లీ ఉండదు. ఆ పొరలో ఏది ఎక్కడ ఉందో రాసిపెట్టి, అచ్చువేసి, పదిమంది చేతిలో పెడితేనే తవ్వినవాడికి తవ్వే హక్కు ఉంటుంది. ఈ సంఘం నాకు నచ్చింది ఇక్కడే. మొదటి తవ్వకం 1883లో తెల్ ఎల్ మస్ఖూతా దగ్గర ఎడ్వార్ నావిల్ చేశాడు. వెంటనే పుస్తకం వచ్చింది. అప్పటి నుంచి తవ్వడం, అచ్చువేయడం జంటగా నడిచాయి.

నావిల్ పెద్ద పెద్ద కట్టడాలను మట్టి తొలగించి బయటపెట్టే రకం. చిన్న వస్తువుల మీద అతనికి శ్రద్ధ తక్కువ. దానికి నిప్పులు చెరిగిన యువకుడు ఫ్లిండర్స్ పెట్రీ. 1884లో సంఘం తరఫున తానిస్‌కు వెళ్లాడు. పగిలిన కుండ దగ్గర ఆగి చూసే అలవాటు ఈజిప్టు తవ్వకాలకు నేర్పింది అతనే. పనివాడు ఏదైనా తెచ్చి ఇస్తే బజారులో దానికి ఎంత ధర పలుకుతుందో అంత బక్షీసు ఇచ్చేవాడు, అప్పుడే అది దొంగచాటుగా వ్యాపారి దగ్గరికి పోదు అని.

నా ఉద్యోగం అంతా ఆధారపడిన ఒక పద్ధతి పెట్రీ దగ్గర పుట్టింది కనుక దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను. నఖాదా, ఆ తర్వాత సంఘం తరఫున తవ్విన హూ ప్రాంతాల్లో వేలకొద్దీ గోతి సమాధులు బయటపడ్డాయి. రాజుల పేర్లు లేవు, రాతలు లేవు, ఏది ముందో ఏది వెనకో చెప్పే ఆధారమే లేదు. పెట్రీ సుమారు 900 సమాధులు ఎంచుకుని, ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క కత్తిరించాడు. ఆ సమాధిలో ఏయే రకాల కుండలున్నాయో దాని మీద రాశాడు. ఇక ఆ అట్టముక్కలను వరసలో పేర్చడం, తీయడం, మళ్లీ పేర్చడం. ఒక రకం జాడీకి పక్కల్లో అలలాంటి పిడులు ఉండేవి. అవి మొదట్లో ఎత్తడానికి పనికొచ్చే నిజమైన పిడులు. పోనుపోను చిన్నవై, చివరికి జాడీ చుట్టూ గీసిన ఉత్త గీతగా మిగిలాయి. పిడి అరిగిపోయిన క్రమం పట్టుకుని, కాలక్రమం పట్టుకున్నాడు. 1901లో అచ్చయిన ఈ పద్ధతి తర్వాత ఎన్నో సవరణలు పొందింది, కానీ పునాది చెక్కుచెదరలేదు. కంప్యూటర్ లేని రోజుల్లో అట్టముక్కలతో కాలాన్ని పేర్చిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పెట్రీ పేరు చెప్పినప్పుడు ఖుఫ్త్ ఊరి పేరు కూడా చెప్పాలి. 1893–94లో అతను అక్కడ తవ్వినప్పుడు నేర్పు సాధించిన ఆ ఊరి మనుషులు, వాళ్ల తర్వాత వాళ్ల పిల్లలు, మనవలు ఈజిప్టు అంతటా తవ్వకాల్లో మేస్త్రీలయ్యారు. రయీస్ అంటారు ఆ మేస్త్రీని. మట్టి రంగు తేడా చూసి పచ్చి ఇటుక గోడ అంచు పట్టుకోవడం వాళ్ల చేతుల్లో ఉంది. చాలాకాలం పుస్తకాల్లో ఈజిప్టు పనివాళ్ల పేర్లు రాలేదు. పెట్రీకి కుడిభుజంగా నిలిచిన అలీ ముహమ్మద్ అస్ సువైఫీ లాంటి కొందరివే బయటికి వచ్చాయి. ఇప్పుడు పాత జీతాల పుస్తకాలు, ఫొటోలు, డైరీలు వెతికి ఆ పేర్లను పైకి తెచ్చే పని జరుగుతోంది. మన తవ్వకాల రిజిస్టర్లలో కూడా కూలీల పేర్లు వేలిముద్రల పక్కనే ఆగిపోయాయి. నేను కూడా ఆ రిజిస్టర్లు రాసినవాణ్నే. ఈ విషయంలో మనం నేర్చుకోవలసింది ఉంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. కైరోకు దక్షిణాన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఎల్ బహ్నసా అనే ఊరు. గ్రీకు, రోమన్ కాలాల్లో దాని పేరు ఆక్సిరింకస్. వాడిముక్కు చేప పేరు మీద వచ్చిన పేరు అది. 1896–97 చలికాలంలో సంఘం బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్, ఆర్థర్ హంట్ అనే ఇద్దరు యువకులను అక్కడికి పంపింది. అక్కడ నిలిచి ఉన్న ఆలయాలు లేవు, చెప్పుకోదగ్గ సమాధులు అప్పట్లో కనబడలేదు. ఊరి చుట్టూ చెత్తదిబ్బలు మాత్రం ఉన్నాయి. వందల ఏళ్ల పాటు ఊరివాళ్లు పారబోసిన చెత్త. అక్కడ వాన దాదాపు కురవదు. దిబ్బ నీటిమట్టానికి పైన ఉంది. దాంతో ఆ చెత్తలోని పపైరస్ కాగితం కుళ్లలేదు. మన తాళపత్రాల గతి గుర్తుచేసుకోండి: తేమ, చెదలు, పురుగు. రెండు మూడు వందల ఏళ్లకోసారి తిరగరాయకపోతే గ్రంథమే మిగలదు. అక్కడ మాత్రం పారేసిన కాగితం రెండు వేల ఏళ్లు నిలిచింది.

దిబ్బలో గడ్డీ, పుల్లలూ కలిసిన వదులు మట్టిపొర ఒకటి ఉంటుంది. పనివాళ్లు దాన్ని అఫ్ష్ అనేవారు. ఆ పొర తగిలిందంటే పపైరస్ తగిలినట్టే. తవ్వకం మొదలైన రెండో రోజే ఏసుక్రీస్తు పలుకులున్న ఒక ముక్క దొరికింది. తర్వాత సాఫో పద్యాలు, పిండార్ గీతాలు, సోఫోక్లిస్ నాటకమొకటి, ప్రపంచం పోయాయనుకున్న గ్రంథాలెన్నో ముక్కలుగా వచ్చాయి. 1907 వరకు ఆరు చలికాలాలు తవ్వి, దొరికినవాటిని బిస్కెట్ల రేకు డబ్బాల్లో సర్ది, ఆక్స్‌ఫర్డ్‌కు పంపారు. మొత్తం సుమారు 5 లక్షల ముక్కలు.

వాటిలో పది శాతమే సాహిత్యం. తక్కినవన్నీ పన్నుల రసీదులు, అప్పు పత్రాలు, గాడిద అమ్మకాలు, పెళ్లి పిలుపులు, ఉత్తరాలు. నేను ఎక్కువసేపు గడిపేది ఈ రెండో కుప్పలోనే. అచ్చయిన ముక్కల్లో 119వ నంబరు చూడండి. థియోన్ అనే పిల్లవాడు తండ్రికి రాసిన ఉత్తరం, రెండో మూడో శతాబ్దం నాటిది. తండ్రి కొడుకును వదిలేసి పట్నం వెళ్లాడు. పిల్లవాడి అక్షరదోషాలు అలాగే ఉన్నాయి. సారాంశం ఇది: నన్ను నీతో పట్నం తీసుకువెళ్లకుండా మంచి పనే చేశావు. అలెగ్జాండ్రియాకు తీసుకువెళ్లకపోతే నీకు ఉత్తరం రాయను, నీతో మాట్లాడను, నీ క్షేమం కోరను. అమ్మ ఆర్కిలావోస్‌తో "వీడు నన్ను వేధించుకు తింటున్నాడు, తీసుకుపో" అంది. గొప్ప కానుకలే పంపావు, గింజలు! నన్ను పిలిపించు, బతిమాలుతున్నాను. పిలిపించకపోతే అన్నం తినను, నీళ్లు తాగను. అంతే.

ఏ పిరమిడూ నాకు ఈజిప్టును ఇంత దగ్గరగా చూపలేదు. గాజుపలకల మధ్య ఉన్న ఆ కాగితం ఫొటోలో వంకరటింకర అక్షరాలు చూస్తే అలిగి మూల కూర్చున్న పిల్లవాడు కనబడతాడు. ఇంతటి ఉత్తరాన్ని ఎవరో చెత్తలో పారేశారు, ఎవరో వందల ఏళ్ల తర్వాత ఏరారు, ఎవరో కూర్చుని చదివి 1898లో వచ్చిన మొదటి సంపుటంలో అచ్చువేశారు. ఈ మూడో పని ఉంది చూశారూ, అదే సంఘం పని.

మనవైపు తీగ తగిలేది కూడా ఈ దిబ్బలోనే. 413వ నంబరు ఒక గ్రీకు ప్రహసనం. ఖారిటియన్ అనే గ్రీకు యువతి భారతదేశపు తీరంలో ఒక రాజు చేతికి చిక్కుతుంది. ఆమె అన్న తన వాళ్లతో వచ్చి, రాజుకూ పరివారానికీ నీళ్లు కలపని ద్రాక్షసారా పోసి, వాళ్లు మత్తులో ఉండగా ఆమెను విడిపించుకుపోతాడు. ఇందులో భారతీయ పాత్రలు గ్రీకు కాని భాషలో మాట్లాడతాయి. మద్రాసు ప్రభుత్వంలో శాసనాల అధికారిగా పనిచేసిన హుల్ట్ష్, అంటే మన దక్షిణాది శాసనాలెన్నో చదివిన మనిషి, 1904లో ఆ మాటలు కన్నడమని ప్రతిపాదించాడు. తర్వాత తుళు అని వాదించినవారున్నారు. అసలు అర్థంలేని ధ్వనులే, ప్రేక్షకులను నవ్వించడానికి పెట్టినవి అన్నవారూ ఉన్నారు. ఈ వాదం తెగలేదు. తెగకపోయినా, రెండో శతాబ్దంలో నైలు ఒడ్డున ఒక పట్నంలో జనం భారతదేశపు తీరాన్ని నాటకంలో చూసి ఆనందించారన్న సంగతి మాత్రం నిలుస్తుంది. ద్రావిడ భాషల చరిత్ర తెలిసిన పిల్లలకు అక్కడ చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది. "మన పిల్లలకు దొరికే చదువేముంది" అన్న మీ ప్రశ్నకు నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

5 లక్షల ముక్కల్లో ఇప్పటివరకు అచ్చయినవి 5,000కు పైచిలుకు. 80కి పైగా సంపుటాలు వచ్చాయి. నూటికి ఒకటి. ఇంత ఆలస్యమా అనిపిస్తుంది. కానీ ఒక ముక్క చదవడం ఎలా ఉంటుందో చెబితే మీరు ఆ మాట అనరు. అరచేతిలో పట్టేంత కాగితం. చుట్టూ అంచులు పురుగు తిన్నవి. మన శాసనాల్లోలాగే మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. వరస మొదలు లేదు, చివర లేదు. 2011లో ఆక్స్‌ఫర్డ్ పండితులు సంఘంతో కలిసి ఈ ముక్కల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టి, లోకమంతటి ఔత్సాహికులను అక్షరాలు గుర్తుపట్టమని ఆహ్వానించారు. గ్రీకు రాకపోయినా, అక్షరం ఆకారం పోల్చగలిగితే చాలన్నారు. నేను కూడా రాత్రుళ్లు కూర్చున్నాను. ఒక ముక్కలో నాలుగు వరసలు పట్టడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. అందులో ఒక అక్షరం ఆల్ఫానా లామ్‌డానా అని ఇంకా సందేహమే.

ఈ ముక్కలతోనే సంఘానికి పెద్ద కష్టమూ వచ్చింది. దాచకుండా చెప్పాలి. తమ సేకరణలోని సుమారు 120 ముక్కలు కనబడడం లేదని 2019లో సంఘం ప్రకటించింది. వాటిలో 13 వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం సేకరణలో తేలాయి. ఆ మ్యూజియం వాటిని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. పోయిన ముక్కలతో పాటు చాలావాటి జాబితా కార్డులు, ఫొటోలు కూడా మాయమయ్యాయి. అంటే ఉన్నట్టు ఆనవాలే లేకుండా చేసే ప్రయత్నం. అయితే సంఘం దగ్గర ఆ రికార్డులకు మరో ప్రతి ఉంది. దాన్ని పట్టుకునే ఏవేవి పోయాయో లెక్క తేల్చారు. జీవితమంతా రిజిస్టర్లు రాసినవాడిగా ఆ వార్త చదివిన రోజు నాకు కోపం, ఊరట రెండూ ఒకేసారి కలిగాయి. మేం రెండో ప్రతి రాస్తుంటే ఇంత చాదస్తం ఎందుకని అడిగినవాళ్లు చాలామంది. ఎందుకో ఇక్కడ చూడండి.

రాసిపెట్టడంలో తపస్సు స్థాయికి వెళ్లిన ఇద్దరు స్త్రీల గురించి చెప్పకుండా ఉండలేను. అబిడోస్‌లో మొదటి సేతి రాజు కట్టించిన ఆలయం గోడల మీద శిల్పాలు ఈజిప్టులోకెల్లా సున్నితమైనవి. 1928లో అమీస్ కాల్వర్లీ, మరుసటి ఏడు మర్టిల్ బ్రూమ్ ఆ గోడలను నకలు చేయడానికి కుదురుకున్నారు. గుడి దగ్గరే మట్టి ఇల్లు. ఫొటోను పెద్దది చేసి, దాని మీద పెన్సిలుతో గీసి, ఆ గీతను గోడ ముందు నిలబడి అంగుళం అంగుళం సరిచూసేవారు. ఉలి ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మిగిలింది, రాయి ఎక్కడ పెచ్చులూడింది అన్నీ గీతల్లోనే రావాలి. వాళ్ల పని చూసిన జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్ ఖర్చు పెట్టుకున్నాడు. 1933 నుంచి 1958 వరకు నాలుగు బృహత్ సంపుటాలు వచ్చాయి. వాటిలోని రంగుల పలకలు చూసినప్పుడు, లేపాక్షి కప్పు మీది చిత్రాలకు ఇంత ఓపికతో ఒక్క నకలు ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

మునిగిపోయే నేలను కాపాడే పనిలో మనమూ, వాళ్లూ ఒకే కాలంలో ఉన్నాం. కృష్ణ మీద నాగార్జునసాగర్ కడుతుంటే 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. అదే సమయంలో నైలు మీద అస్వాన్ పెద్ద ఆనకట్ట పని మొదలైంది. యునెస్కో పిలుపు మీద అనేక దేశాలు ఆ నీటిలో మునిగిపోయే నుబియా ప్రాంతానికి వెళ్లాయి. మన దేశం కూడా వెళ్లింది. 1961–62లో బి.బి. లాల్ నాయకత్వంలో భారత బృందం అఫియె దగ్గర తవ్వింది. ఈ సంఘం బుహెన్ కోటను, 1963 నుంచి కస్ర్ ఇబ్రీమ్ అనే కొండకోటను చేపట్టింది. నీళ్లు పెరిగాక ఆ కొండ నెత్తి మాత్రం పైకి మిగిలింది. అక్కడ 1978లో దొరికిన ఒక చిరిగిన కాగితం మీద కొర్నేలియస్ గాలస్ పద్యాలు బయటపడ్డాయి. ఇతను రోమన్ మహాకవి వర్జిల్ స్నేహితుడు, ఈజిప్టుకు తొలి రోమన్ పాలకుడు. అప్పటివరకు అతని కవిత్వంలో ఒకే ఒక్క పాదం మిగిలి ఉండేది. ఎడ్వర్డ్స్ కాఫీ పూయించిన అబూ సింబెల్ విగ్రహాలను కూడా అప్పుడే ముక్కలుగా కోసి ఎత్తైన చోట నిలబెట్టారు.

సఖారాలో వాల్టర్ ఎమరీ 1964 నుంచి, అక్కడి మెట్ల పిరమిడ్ కట్టిన ఇమ్‌హోతెప్ సమాధి కోసం వెతికాడు. అది దొరకలేదు. దొరికినవి నేల కింద సొరంగాలు, వాటిలో కుండల్లో పెట్టిన లక్షల కొద్దీ కొంగజాతి పక్షుల మమ్మీలు. వాటితో పాటు హోర్ అనే ఉద్యోగి పెంకుల మీద రాసుకున్న కలలు, ఫిర్యాదులు. పక్షుల దగ్గర జరిగే అవినీతి మీద అతను గొడవపడ్డాడు. ఒక్కో పాత్రలో ఒక్కో దేవుణ్నే, అంటే ఒక్కో పవిత్ర పక్షినే, ఉంచాలన్న నియమం వచ్చింది. అమర్నాలో 1977 నుంచి బారీ కెంప్ కార్మికుల పల్లెను తవ్వి పందుల దొడ్లు బయటపెట్టాడు. ఎక్కడ చూసినా ఇదే వరస. వాళ్లు వెతికింది ఒకటి, చరిత్రకు దక్కింది మామూలు మనుషుల బతుకు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉందని మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఆరో నిజాం అల్లుడు కొనితెచ్చి ఏడో నిజాంకు ఇచ్చినది అది. పక్కన రాసిన పేరు రాకుమారి నైషు. ఒకసారి తీసుకువెళ్లి చూపించండి. ఆ గాజుపెట్టె ముందు ఆమెను ఒక ప్రశ్న వేసుకోమనండి: ఈ పిల్లను ఏ ఊళ్లో, ఏ సమాధిలో, ఎవరి పక్కన పడుకోబెట్టారు? కొనుక్కొచ్చిన శరీరం ఆ మాట చెప్పలేదు. అబిడోస్‌లో సమాధి సంఖ్య సిరాతో రాసి ఉన్న పగిలిన చెంబు చెబుతుంది.

చివరగా దారి. ఈ సంఘంలో సభ్యత్వానికి డిగ్రీ అక్కరలేదు, ఆసక్తి ఉంటే చాలు. 1914 నుంచి వాళ్ల పరిశోధన పత్రిక వస్తోంది, సామాన్యుల కోసం వేరే పత్రిక కూడా ఉంది. చదువు విషయంలో తొందరపడి విదేశాలకు పంపకండి. ముందు ఇక్కడ చరిత్ర గాని పురావస్తు శాస్త్రం గాని డిగ్రీ చేయించండి. పుణెలోని డెక్కన్ కాలేజీలో పురావస్తు శాస్త్రంలో పీజీ ఉంది. మన నేలలో ఒక గుంట తవ్వి, పొరలు గుర్తుపట్టడం వచ్చాక ఏ దేశం వెళ్లినా పనికొస్తుంది. పక్కనే భాషలు మొదలుపెట్టాలి. ఫ్రెంచి, జర్మన్ లేకుండా పాత నివేదికలు చదవలేదు. అరబ్బీ లేకుండా రయీస్‌తో మాట్లాడలేదు, ఇవాళ ఆ రంగంలో ముందు నడుస్తున్న ఈజిప్టు పండితులతో కలిసి పనిచేయలేదు. పురాతన ఈజిప్టు భాష, గ్రీకు ఆ తర్వాత.

ఈ వారానికి ఒక పని చెప్పండి. ఇంట్లో పగిలిన మట్టికుండ అంచు ముక్క ఒకటి తీసుకోమనండి. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఒక పక్క కుండ గోడ మందం కోసినట్టుగా, మరో పక్క బయటికి కనిపించే రూపం గీయాలి. అంచు ముక్కను వేర్వేరు కొలతల్లో గీసిన వృత్తాల మీద ఆనించి చూసి మూతి వ్యాసం కట్టాలి. పెంకు లోపలి వైపు, అంచుకు దూరంగా, చెరగని సిరాతో సంఖ్య వేయాలి. ఎక్కడ దొరికింది, ఏ రోజు అనేది నోటుపుస్తకంలో ఒకసారి, విడి కాగితం మీద ఇంకోసారి రాయాలి. మొదటి బొమ్మ తప్పకుండా వంకరగా వస్తుంది. ఐదోదో ఆరోదో ఫొటో తీసి ఇక్కడ పెట్టమనండి, కొలతలు చూసి చెబుతాను.